పుట్టువెంట్రుకలతో గోవా ఓడ మీద

తమ్ముడికి బాగాలేదన్న సంగతి మొదట మా గడపలోకి మోసుకొచ్చినవాడు లారీ డ్రైవరు ఖాజా మియా. బొంబాయి రోడ్డు మీద ఎన్నో ఏళ్ళుగా లారీ నడుపుతున్నాడు. పోయేటప్పుడు నా చేతి నువ్వుల రొట్టెలు తమ్ముడికి అందిస్తాడు, వచ్చేటప్పుడు తమ్ముడి ఉత్తరం నాకు అందిస్తాడు. ఎనభై ఒకటో సంవత్సరం పుష్యమాసం చివర మాత్రం ఉత్తరం లేకుండా వచ్చాడు. గడప బయటే నిలబడి, భుజం మీది తువ్వాల తీసి చేతిలో పట్టుకున్నాడు.

“అమ్మా, నర్సింలును చూసొచ్చిన. ఫికర్ చెయ్యొద్దని చెప్పమన్నడు,” అన్నాడు. “గానీ నేనైతే చెప్త. జర ఫికర్ చెయ్యాల్నే.”

తమ్ముడి కడుపులో గడ్డ ఉందట. మూడు వారాలు దవాఖానలో పెట్టుకొని, కోసి లాభం లేదని పంపించారట. ఎన్ని రోజులని ఖాజా మియానే ధైర్యం చేసి డాక్టరును అడిగాడట. వానలు పడేదాకా ఉంటే అదృష్టమే అన్నారట. తమ్ముడు చెప్పి పంపింది ఒక్కటే మాట: “అక్కను, పిల్లలను ఒక్కసారి రమ్మను. నేను ఓడ మెట్లు ఎక్కగలిగినప్పుడే రమ్మను.”

నర్సింలు నా తోడబుట్టినవాడు. మొగుడంపల్లి దగ్గర మా ఊళ్ళో అమ్మ పోయేనాటికి వాడికి నాలుగేళ్ళు, నాకు పదకొండు. వాడి అన్నం, స్నానం, చదువు అన్నీ నేనే చూశాను. ఆ చదువు కూడా నాన్న ఇంట్లో నాకు పలక మీద దిద్దించిన అక్షరాలే, బడి మొగం నేను చూడలేదు. వానకు వాకిట్లో నీళ్ళు పారితే జొన్న బెండుతో పడవ చేసి వదిలేవాడు. పద్దెనిమిదేళ్ళకు బొంబాయి పోయి, అక్కణ్ణించి గోవాకు పోయే ప్రయాణీకుల ఓడలో వంటింటి పనికి కుదిరాడు. తొమ్మిదేళ్ళుగా అదే ఓడ, అదే పొయ్యి. రెండేళ్ళ నుంచి ప్రతి ఉత్తరం చివరా ఒకే మాట రాస్తున్నాడు: పిల్లల్ని ఎప్పుడు తెస్తావు అక్కా?

ఎందుకు తేలేకపోయామో చెప్పాలి. మా వైపు బిడ్డకు పుట్టువెంట్రుకలు బేసి ఏట తీస్తారు. మొదటి ఏడు, మూడో ఏడు, అయిదో ఏడు. మేనమామ ఒడిలో కూర్చోబెడితే ఆయన మూడు కత్తెర్లు వేస్తాడు, ఆ తర్వాతే మంగలి చెయ్యి పడుతుంది. ఆ వెంట్రుకలు ఉండగా బిడ్డ సముద్రం దాటకూడదంటారు. మా పద్మకు మూడో ఏట ఝరాసంగం సంగమేశ్వరుని దగ్గర తమ్ముడే వచ్చి చేశాడు. సంగమేశు పుట్టినాక మొదటి ఏట తమ్ముడికి సెలవు దొరకలేదు. మూడో ఏట దొరికింది, కానీ వానల్లో ఓడ ఆగిపోయినప్పుడు దొరికింది. అది ఆషాఢం. ఆషాఢంలో శుభకార్యం ఎట్లా అని మా అత్తమ్మ వద్దన్నది. శ్రావణం వచ్చేలోగా ఓడకు రంగులు వేయాలని వాణ్ణి పిలిచారు. పోయాడు. సంగమేశుకు నాలుగో ఏడు పడింది, సరి ఏడు. మేనమామ రానిదే వెంట్రుకలు తీయరు, వెంట్రుకలు తీయనిదే పిల్లవాడు ఓడ ఎక్కడు. వాడు అక్కడ ఎదురుచూస్తూ, మేము ఇక్కడ ఎదురుచూస్తూ రెండేళ్ళు పోయాయి.

ఖాజా మియా వెళ్ళిపోయాక అత్తమ్మ గోడకు ఆనుకొని కూర్చున్నది.

“ఇంకో తొమ్మిది నెలలాగితే అయిదో ఏడు పడ్తది,” అన్నది.

“తొమ్మిది నెలలు తమ్ముడు ఆగుతడా అత్తమ్మా?” అన్నాను.

ఆ రోజూ మరునాడూ ఆమె ఎవరితోనూ మాట్లాడలేదు. మూడో రోజు పొద్దున్నే ఝరాసంగం బస్సెక్కి పోయి, మధ్యాహ్నం సీసాలో గుండం నీళ్ళు, పొట్లంలో పసుపు తీసుకొని వచ్చింది. చెప్పులు విడవకుండానే మొదలుపెట్టింది.

“అయ్యగారిని అడిగిన. గోవా ఓడ సముద్రం దాటదట, ఒడ్డెంబడే పోతదట. దాటుడు వేరు, ఎంబడి పోవుడు వేరు అన్నడు. మేనమామతోని మూడు కత్తెర్లు ఏపిచ్చుకొని రాండ్రి, గుండు అయిదో ఏట దేవుని కాడ చేద్దాం అన్నడు. నేను సుత వస్త. కత్తెర ఎట్ల పట్టాల్నో నీకేం ఎర్క?”

ఆ అయ్యగారికి నేను ఇప్పటికీ మనసులో దణ్ణం పెట్టుకుంటూనే ఉంటాను. శాస్త్రంలో ఉన్నదో లేదో గాని, ఆయన నోట ఆ మాట రాకపోతే మేము కదిలేవాళ్ళం కాదు.

మావారు కచేరీలో గుమాస్తా. ఆ నెల జనాభా లెక్కల పనిలో ఆయనకు ఒక్క పూట సెలవు కూడా దొరకలేదు. మా రాక తమ్ముడికి ఖాజా మియాతో చెప్పి పంపించారు. కాబట్టి బయలుదేరింది నేను, అత్తమ్మ, ఏడేళ్ళ పద్మ, నాలుగో ఏట ఉన్న సంగమేశు. చిన్నపిల్లలతో ఓడ ఎక్కాలనుకునేవారికి పనికొస్తుందని వేళలతో సహా రాస్తున్నాను.

మాఘమాసం, సోమవారం. పొద్దున ఏడున్నరకు జహీరాబాదులో షోలాపూరు బస్సు ఎక్కాము. కిటికీ వైపు పిల్లలను కూర్చోబెట్టాము. కండక్టరు సంగమేశు జడ చూసి, “ఆడపిల్లకు ఎన్నేండ్లమ్మా?” అని అడిగాడు.

“పిల్ల గాదు, పిలగాడు. నాలుగో ఏడు నడుస్తున్నది,” అన్నది అత్తమ్మ.

“అందరు రెండేండ్లు తక్వ చెప్తరు, నువ్వు ఉన్నదున్నట్టు చెప్తున్నవ్. సగం టికెట్ కొట్టాలె మరి,” అని నవ్వాడు.

“కొట్టు నాయినా. ఈ నాలుగో ఏడుతోనే మాకు గోస. తక్వ చెప్తే పోయేదుంటే ఎప్పుడో చెప్తుంటి,” అన్నదామె.

తొమ్మిదిన్నరకు హుమ్నాబాదు. అక్కడ చాయ్ తాగి, పిల్లలకు పాలు పట్టించాము. మా ముందు సీట్లో ఎక్కిన ఒక పెద్దరైతు, పొలం పనికి షోలాపూరులో పంపు సామాను కొనడానికి పోతున్నవాడు, మేము ఓడ ఎక్కబోతున్నామని విని తల అడ్డంగా ఊపాడు. “ఇంత పసోళ్ళకు ఓడెందుకమ్మా? పెద్దగైనంక యాది కూడ ఉండది.”

అత్తమ్మ అన్నది. “పిలిచినోడు ఉండగనే పోవాలె గద పటేలా.”

నల్‌దుర్గ్ దగ్గర మధ్యాహ్నం ఒంటిగంటకు బస్సు ఆగింది. కట్టుకొచ్చిన జొన్నరొట్టె, వెల్లుల్లికారం తిన్నాము. మూడుగంటలకు షోలాపూరు. పద్మ ఒకసారి, సంగమేశు రెండుసార్లు వాంతి చేసుకున్నారు. బస్సులోనే ఇట్లా అయితే ఓడలో ఎట్లా అని నాకు గుండె బరువెక్కింది. బొంబాయి రైలు రాత్రి తొమ్మిదిన్నరకు. ఆడవాళ్ళ పెట్టెలో ఒక ముసలామె సర్దుకొని పై బల్ల మాకు వదిలింది. ఆమె పేరు అడగలేదు. దేవుడు ఆమెను చల్లగా చూడాలి. పిల్లలు తెల్లవారేదాకా కదలకుండా నిద్రపోయారు.

మంగళవారం పొద్దున ఏడూ నలభైకి బోరీబందరు స్టేషన్లో దిగాము. తమ్ముడు వస్తాడు గదా అని నేను మనుషుల్లో వాణ్ణి వెతుక్కుంటూ ముందు నడుస్తున్నాను. స్తంభానికి ఆనుకొని, వదులు చొక్కా వేసుకొని ఒక మనిషి కూర్చున్నాడు. నేను అతన్ని దాటి పోయాను. నా చేతులతో అన్నం తినిపించిన తమ్ముణ్ణి దాటి పోయాను. వెనక నుంచి పద్మ కేక వేసింది.

“అమ్మా, మామ! నువ్వు మామను ఇడ్సిపెట్టి పోతున్నవ్!”

వెనక్కు తిరిగాను. వాడు లేవడానికి స్తంభం పట్టుకున్నాడు. కళ్ళలో తెలుపు లేదు, అంతా పసుపే. చేతులు పుల్లల్లా ఉన్నాయి, కడుపు మాత్రం ఎత్తుగా ఉన్నది.

“పోనీ తియ్యక్కా,” అన్నాడు. “అద్దంల చూస్తే నేనే దాటిపోతున్న.”

అత్తమ్మ ఆ మాటకు నవ్వబోయి కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నది. సంగమేశు ఆమె వెనక దాక్కున్నాడు. వాడు మేనమామను చూసింది కిందటి ఆషాఢంలో, నాలుగు రోజులు. వాడికి గుర్తులేదు. గుర్తున్నా, ఆ మనిషి ఈ మనిషి కాడు.

టాక్సీలో భావుచా ధక్కా అనే రేవుకు ఎనిమిదిన్నరకు చేరాము. అక్కడి సంగతి ముందుగా తెలుసుకొని పోవాలి. ఓడలో గదులు కొన్నే. మిగతావారంతా డెక్కు మీదే, అంటే చెక్క నేల మీదే. ఎవరు ముందు చాప పరిస్తే ఆ జాగా వారిది. అందుకని ఏడుగంటల నుంచే తోపులాట. చాపలు చంకన పెట్టుకొని జాగాలు పట్టి అమ్మేవారు కూడా ఉన్నారు. మాకు ఆ కష్టం లేకపోయింది. వంటింటి గోడ పక్కన, సరిగ్గా ఓడ నడుమ, రెండు చాపలు ఎప్పుడో పరిచి ఉన్నాయి. అక్కడ కాపలా కూర్చున్న పెద్ద వంటాయన గోవా మనిషి. వచ్చీరాని హిందీలో, “కూర్చోండి బహెన్, ఈ జాగా రెండేళ్ళుగా మీదే” అన్నాడు.

నాకు అర్థం కాలేదు. తర్వాత ఆయనే చెప్పాడు. మేము రావచ్చని అనుకున్నప్పుడల్లా తమ్ముడు ఇక్కడ చాప పరిచేవాడట. ఓడ ముందు భాగం, వెనక భాగం ఎక్కువ ఊగుతాయి, నడుమ తక్కువ. పిల్లలకు ఇదే మంచిదని ఆ మూలను వెతికి పెట్టుకున్నాడట. ఓడ కదిలేముందు వేరే ఎవరికో ఇచ్చేవాడట.

పదిగంటలకు ఓడ కూత వేసింది. ఆ కూతకు సంగమేశు నా మెడ పట్టుకొని పది నిమిషాలు ఏడ్చాడు. రేవు వెనక్కు పోయింది. బొంబాయి మేడలు సన్నబడి సన్నబడి పొగలో కలిశాయి. అత్తమ్మ ఓడ అంచు కటకటాల దగ్గర నిలబడి చాలాసేపు చూసింది.

“గిన్ని నీళ్ళున్నయ్, తాగనీకి చుక్క లేదంటవా?”

“లేదత్తమ్మా. ఉప్పు,” అన్నాడు తమ్ముడు.

“ఇంత దూరమొస్తే గిదా? మా గల్లీల బోరింగే నయం,” అని వెనక్కు వచ్చి కూర్చున్నది. తమ్ముడు నవ్వాడు. నవ్వితే నొప్పి లేస్తుందని అప్పుడు తెలిసింది, పక్కకు తిరిగి కడుపు పట్టుకున్నాడు.

మా పక్క చాప మీద మాల్వణ్ పోయే ఒక పడుచు, కొంగులో నలభై రోజుల బిడ్డ. అత్తమ్మకు ప్రాణం ఆగలేదు. మా వైపు మరాఠీ మాటలు చెవిన పడుతూనే ఉంటాయి గనుక నాలుగు మాటలు కూడబలుక్కొని అడిగింది, ఇంత పసిగుడ్డును సముద్రం మీద ఎట్లా తెచ్చావని. ఆ పడుచు వింతగా చూసి ఏదో చెప్పింది. తమ్ముడు మాకు తెలుగులో చెప్పాడు.

“వాళ్ళ ఊరికి ఇదే బస్సంట అత్తమ్మా. రోడ్డు మీద పోతే రెండు దినాలు పడ్తదంట. పుట్టింటికి పొయ్యేతందుకు ముహూర్తమేందని అడుగుతున్నది.”

అత్తమ్మ పసుపు పొట్లం విప్పింది. ఆ బిడ్డ కాళ్ళ మీద కొంచెం రాసింది. ఆ తల్లి కాదనలేదు.

ఒంటిగంటకు వంటాయన మాకు పూరీలు, ఆలుగడ్డ కూర ప్రత్యేకంగా చేసి పంపించాడు. మాకు చేపలు పడవని తమ్ముడు ముందే చెప్పాడట. పద్మ మామ చేయి పట్టుకొని వంటిల్లు, మరలు, చుక్కాని అన్నీ చూసి వచ్చింది. ప్రతి దానికీ నాకు కథ చెప్పింది. సంగమేశు మాత్రం తమ్ముడు ఇటు వస్తే అటు తిరిగేవాడు. పల్లీపట్టి ఇస్తే తీసుకోలేదు. చివరికి అందరూ వింటుండగా అననే అన్నాడు.

“గీ మామ నాకొద్దు. గాయన కండ్లు పసుపుగున్నయ్.”

నాకు నేల చీలిపోతే బాగుండును అనిపించింది. తమ్ముడు వాడి ముందు మోకాళ్ళ మీద కూర్చొని, “పసుపు శుభమే గద రా అల్లుడా. మీ నాయనమ్మను అడుగు,” అన్నాడు.

ముహూర్తం సాయంత్రం అయిదు గంటలకని అత్తమ్మ అయ్యగారిని ముందే అడిగి వచ్చింది. గుండం నీళ్ళు, పసుపు, కుంకుమ, కొత్త కత్తెర పళ్ళెంలో సర్దింది. అప్పటికి రత్నగిరి దాటాము. అక్కడ ఓడ నీళ్ళలోనే ఆగితే, పడవల మీద వచ్చి మనుషులు ఎక్కడం దిగడం చూశాము. గాలి పెరిగింది. ఓడ నడుమ కూడా ఊగసాగింది. తమ్ముడు గోడకు ఆనుకొని బాసింపట్టు వేసుకొని కూర్చున్నాడు. సంగమేశు ఒడిలోకి పోనన్నాడు. బెల్లం చూపించాము, బెదిరించాము. వేళ మించిపోతున్నదని అత్తమ్మ వాణ్ణి ఎత్తి ఒడిలో పెట్టింది. వాడు ఒళ్ళంతా విల్లులా వంచి తన్నాడు. మడమ తమ్ముడి కడుపు మీద తగిలింది.

తమ్ముడు అరవలేదు. నోరు తెరిచాడు గాని శబ్దం రాలేదు. మొహం సున్నంలా తెల్లబడింది. వంటాయన వచ్చి భుజం పట్టి లేపి, కటకటాల దాకా నడిపించాడు. వాడు అక్కడే, మాకు వీపు తిప్పి, చాలాసేపు నిలబడ్డాడు. నేను పోయి పక్కన నిలబడ్డాను. నీళ్ళు చీకటి పడుతున్న రంగులో ఉన్నాయి. దేవా, ఇంత దూరం తెచ్చావు, ఇంకొక్క అడుగు తేలేవా అని లోపల అనుకున్నాను.

అత్తమ్మ పళ్ళెం కొంగుతో కప్పి పక్కన పెట్టింది. తమ్ముడు తిరిగి వచ్చి కూర్చోగానే అన్నది.

“నేనే ఆపిన బిడ్డా. ఆషాఢమని నేనే ఆపిన. అప్పుడు నీకు కడుపు బాగుండె, పిలగాడు నీ మీద ఎక్కి దునుకుతుండె.”

“ఆపితే ఆపినవ్ తియ్యత్తమ్మా,” అన్నాడు తమ్ముడు. “ఆపకుంటే నువ్వు సముద్రం చూస్తుంటివా?”

ఆమె ఏడ్చింది. పెళ్ళయి వచ్చిన పదేళ్ళలో ఆమె ఏడవడం నేను చూడటం అదే మొదలు. ఆ రాత్రి ఎవరమూ సరిగా తినలేదు. గాలికి అలసిపోయి కూర్చున్నచోటే ఒరిగిపోయాము.

బుధవారం. వెంగుర్ల దాటామని ఎవరో అంటుంటే మెలకువ వచ్చింది. ఇంకా ఎండ పొడవలేదు, తూర్పున కొండల వెనక తెల్లబడుతున్నది. పక్కన చేయి పెడితే సంగమేశు లేడు. తలెత్తి చూశాను.

గోడకు ఆనుకొని తమ్ముడు కాళ్ళు చాపుకొని ఉన్నాడు. పిల్లవాడు నేల మీద పడుకొని, తల మాత్రం మామ తొడ మీద పెట్టుకున్నాడు. వాడి చేతిలో సగం కోసిన నిమ్మకాయ. తమ్ముడి చొక్కా ముందు భాగమంతా వాంతి. నేను లేవబోతే తమ్ముడు వేలితో వద్దని సైగ చేశాడు.

తర్వాత చెప్పాడు. పిల్లవాడు తెల్లవారుజామున కడుపులో తిప్పి లేచాడట. అందరూ పడుకున్నారు. నొప్పికి నిద్రపట్టక మేలుకొని ఉన్నది మామ ఒక్కడే. వాంతి వస్తున్నదని వాడు మామ దగ్గరికే పోయాడు. పిల్లలకు ఓడలో కడుపు తిప్పితే ఏం చేయాలో తొమ్మిదేళ్ళుగా తెలిసినవాడు గనుక, నిమ్మకాయ వాసన చూపించి, దూరంగా నీళ్ళూ ఆకాశమూ కలిసే చోటు చూడమన్నాడు.

నేను చూస్తుండగా కూడా అదే చెబుతున్నాడు. “గా గీత చూడు అల్లుడా. ఓడ ఊగుతది, మనం ఊగుతం. గా గీత ఊగది. గదాన్నే చూడు.”

“గా గీతకాడ ఏమున్నది?” అన్నాడు సంగమేశు.

“నాకూ తెల్వదు బిడ్డా,” అన్నాడు తమ్ముడు.

అత్తమ్మ ఎప్పుడు లేచిందో, పళ్ళెం పట్టుకొని పక్కకు వచ్చింది. నేను ఆమె మొహం వంక చూశాను. ఒడిలో కూర్చోవాలి గదా నియమం. పిల్లవాడు కూర్చోలేదు, పడుకున్నాడు. ఒడి కాదు, తొడ. వేళ కూడా అయ్యగారు చెప్పిన వేళ కాదు.

“తల పెట్టిండు గద,” అన్నది అత్తమ్మ మెల్లగా. “చాలు. కత్తెర పట్టు నర్సింలు.”

గుండం నీళ్ళు పిల్లవాడి నెత్తిన చల్లి, పసుపు పెట్టింది. తమ్ముడు కత్తెర తీసుకున్నాడు. కుడి చెవి పైన ఒక పాయ తీసి, మొదటి కత్తెర వేశాడు. అత్తమ్మ కొంగులో పట్టుకున్నది. రెండో కత్తెర వేశాడు. మాల్వణ్ పడుచు అప్పటికే దిగిపోయింది, ఆమె చాప ఖాళీగా ఉన్నది. వంటాయన తలుపు దగ్గర టోపీ తీసి నిలబడ్డాడు.

మూడోది వేయలేదు. కత్తెర మూసి పళ్ళెంలో పెట్టాడు.

“ఇంకొకటున్నది బిడ్డా,” అన్నది అత్తమ్మ.

“ఉండనీ అత్తమ్మా. అయిదో ఏట దేవుని కాడ ఏస్త. కార్తీకంల నేనే వస్త. బాకీ ఉంటే రాక తప్పుతదా?”

నేను అత్తమ్మ వైపు చూశాను. నియమం తప్పితే ఊరుకునే మనిషి కాదు. సగంలో ఆగిన శుభకార్యం ఆమె జన్మలో ఎరగదు. ఆమె కత్తెర తీసి కొత్త జాకెట్టు గుడ్డలో చుట్టింది.

“సరే బిడ్డా. కార్తీకంల రా. నీ చెయ్యి పడేదాంక ఎవ్వల చెయ్యి పెట్టనియ్య,” అన్నది.

ఎనిమిదిన్నరకు పణజి. నది నోట్లోకి ఓడ తిరిగేసరికి ఊగడం ఆగిపోయింది. ఊరంతా తిరిగి చూడాలని పద్మకు ఉన్నది గాని తమ్ముడు నడవలేడు. రేవు ఒడ్డునే హోటల్లో ఇడ్లీ తిని, చెట్ల కింద కూర్చున్నాము. సంగమేశు ఇప్పుడు మామ చిటికెనవేలు వదలలేదు. నీళ్ళ ఒడ్డున ఏరిన ఎండుపుల్లతో తమ్ముడు వాడికి పడవ చేసి ఇచ్చాడు. మా ఊళ్ళో బెండుతో చేసినట్టే, అదే నమూనా. పదిగంటలకు అదే ఓడలో, అదే చాప మీద తిరుగు ప్రయాణం. ఈసారి గాలి లేదు. గురువారం పొద్దునకు బొంబాయి చేరాము.

తమ్ముడుండే గదిలో నలుగురు మగవాళ్ళు, ఆడవాళ్ళకు చోటు లేదు. స్టేషను పక్కన ధర్మశాలలో పగలంతా ఉన్నాము. వాణ్ణి మాతో జహీరాబాదు రమ్మని బతిమాలాను. దవాఖాన మందులు ఇక్కడే అన్నాడు, నొప్పికి సూది ఊళ్ళో దొరకదన్నాడు. రెండూ నిజమే. ప్లాట్‌ఫారం మీద నా కాళ్ళకు దణ్ణం పెట్టబోయి వంగలేక, నా చేయి తీసి నెత్తిన పెట్టుకున్నాడు. రైలు కదిలాక సంగమేశు కిటికీలోంచి, “మామా, కార్తీకం!” అని అరిచాడు. కార్తీకమంటే వాడికి ఒక ఊరి పేరనుకుంటాను.

శుక్రవారం పొద్దున షోలాపూరులో దిగి, ఎనిమిదిన్నర బస్సు ఎక్కాము. అత్తమ్మ దారంతా కత్తెర మూట ఒళ్ళోనే పెట్టుకున్నది. చిరాగ్‌పల్లి దాటేసరికి నాలుగయింది. మా నేల, ఎండిన జొన్నచేలు కనిపించాయి. ఎప్పటిలాగే అన్నీ ఉన్నాయి. అది చూసే నాకు దుఃఖం వచ్చింది.

ఇప్పుడు ఇరుగుపొరుగు అడుగుతుంటారు, పిల్లలకు ఎన్నేళ్ళు నిండితే ఓడ ఎక్కించవచ్చని. నాకు తెలిసింది చెబుతాను. ఏడేళ్ళ పిల్లకు అన్నీ తెలిశాయి, అన్నీ గుర్తున్నాయి. నాలుగో ఏటివాడు సగం దారి ఏడ్చాడు, సగం దారి వాంతి చేసుకున్నాడు, ఇప్పటికే సగం మరిచిపోయాడు. ఓడ నడుమ జాగా చూసుకోండి. నిమ్మకాయలు, ఎండు రొట్టెలు, తాగే నీళ్ళు, మార్చుకోవడానికి బట్టలు ఎక్కువ తీసుకుపోండి. వానకాలం ఓడ నడవదు. ఆగగలిగితే ఆరేడేళ్ళు వచ్చేదాకా ఆగడమే మేలు. కానీ మేము పిల్లవాడి ఏడు బేసా సరా అని చూసుకుంటూ కూర్చున్నాం. ఇరవై ఏడేళ్ళ మేనమామ ఏళ్ళు కూడా లెక్క చూడాలని మాకు తోచలేదు. ఎవరికైనా ఎట్లా తోస్తుంది?

దేవుడు మాకు ఇచ్చిందాన్ని తక్కువ అనను. రెండు కత్తెర్లు ఇచ్చాడు. ఒక తెల్లవారుజాము ఇచ్చాడు. సంగమేశు కుడి చెవి పైన వెంట్రుకలు పొట్టిగా ఉంటాయి. వీధిలో పిల్లలు ఎలుక కొరికిందని ఏడిపిస్తే, మా మామ కొరికిండు అంటాడు. కత్తెర మా దేవుడి గూట్లో ఉన్నది. దాంతో దారం ముక్క కూడా కోయనివ్వదు అత్తమ్మ. మొన్న ఖాజా మియా తెచ్చిన ఉత్తరంలో రెండే వరసలున్నాయి, అవీ వంటాయన ఎవరితోనో రాయించినవి. నర్సింలు ఉన్నాడు, మిమ్మల్ని అడిగాడు.

ఇది చైత్రం. కార్తీకానికి ఇంకా ఏడు నెలలున్నాయి. చదివిన అమ్మలూ, అయ్యలూ, మీ ఇంట మీరు కొలిచేది ఏ దేవుడైనా సరే, దీపం పెట్టినప్పుడు మా తమ్ముడు నర్సింలును ఒక్కసారి తలుచుకోండి.